పడమటి పబ్లిక్ ల్యాండ్‌లో జింక వేట: అపోహలు - వాస్తవాలు

టెక్సస్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ళకి జింక వేట అంటే నేల లీజు, ఫీడర్ (మేత జల్లే డబ్బా), దాని ఎదురుగా బ్లైండ్‌లో (దాక్కుని చూసే గది) కుర్చీ. అక్కడ నేల దాదాపు అంతా ప్రైవేటుది కాబట్టి వేరే దారి పెద్దగా లేదు. కొలరాడో, వయొమింగ్, ఐడహో వైపు లెక్క వేరు. ఫెడరల్ ప్రభుత్వ భూముల శాఖ బీఎల్ఎం చేతిలో సుమారు 24.5 కోట్ల ఎకరాలు, ఫారెస్ట్ సర్వీసు చేతిలో 19.3 కోట్ల ఎకరాలు ఉన్నాయి. అందులో సింహభాగం అలాస్కాలోనూ పడమటి రాష్ట్రాల్లోనూ ఉంది. లీజు కట్టక్కర్లేదు, ఫీడర్ ఉండదు. ఇక్కడి ప్రధానమైన జింక మ్యూల్ డీర్. చెవులు పెద్దవి, ఒంటి రంగు బూడిద. కొండవాలు మీద పడుకుంటే పక్కనున్న రాయికీ దానికీ తేడా తెలియదు.

ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. కాబట్టి ఈ విద్య ఇంట్లో నేర్పేవాళ్ళు లేరు, వాట్సాప్ గ్రూపులో వచ్చిందే వేదం. అక్కడ తిరిగే మాటల్లో సగం నిజం, సగం ప్రమాదం.

కొత్త చోటికి వెళ్ళేటప్పుడు ప్లాన్ చివర నుంచి మొదటికి వేయాలి. మాంసం చల్లబడి కూలర్‌లోకి ఎలా చేరుతుంది? అలా చేరాలంటే బండికి ఎంత దూరంలో కాల్చొచ్చు? ఆ దూరంలో చట్టబద్ధంగా నడవగలిగిన నేల ఏ యూనిట్లో (రాష్ట్రం గీసిన వేట ప్రాంతం) ఉంది? ఆ యూనిట్‌కి ట్యాగ్ (ఒక జింకని కొట్టే అనుమతి) దొరుకుతుందా? చాలామంది దీన్ని తిరగేసి, ముందు ట్యాగ్ కొని తర్వాత మ్యాప్ తెరుస్తారు.

అపోహ: లైసెన్స్ తీసుకుంటే చాలు, సీజన్‌లో ఎప్పుడైనా వెళ్ళొచ్చు

లైసెన్స్ వేరు, ట్యాగ్ వేరు. పడమట జింక ట్యాగులు ఎక్కువగా లాటరీలోనే వస్తాయి, దాన్నే డ్రా అంటారు. వేట అక్టోబరులో అయినా దరఖాస్తు చాలాచోట్ల వసంతంలోనే పెట్టాలి. న్యూ మెక్సికో గడువు మార్చిలో, మోంటానాది ఏప్రిల్ 1న, కొలరాడోది ఏప్రిల్ మొదట్లో, నెవాడాది మే నెలలో, వయొమింగ్ జింక గడువు జూన్ మొదట్లో ముగుస్తాయి. ఆగస్టులో సరదా పుట్టినవాళ్ళకి మిగిలేది లెఫ్ట్‌ఓవర్ జాబితానే, అంటే డ్రాలో మిగిలిపోయిన ట్యాగులు.

ట్యాగ్ రాని ఏడాదికి ఒకటి చొప్పున చేరే పాయింట్ల పద్ధతి కూడా రాష్ట్రానికొకటి. కొలరాడోలో ప్రిఫరెన్స్ పాయింట్లు ఎక్కువున్నవాళ్ళకే ముందు ఇస్తారు. వయొమింగ్ బయటి రాష్ట్రాలవాళ్ళ కోటాలో 75 శాతం పాయింట్ల వరుసలో, 25 శాతం చీటీ తీసినట్టు ఇస్తుంది. నెవాడా పాయింట్లను వర్గం చేసి అన్ని చీటీలు వేస్తుంది. న్యూ మెక్సికోలో పాయింట్లే లేవు, మొదటిసారి వేసినవాడికీ పాతవాడికీ ఒకే అవకాశం.

దరఖాస్తులో రాసే కొలరాడో హంట్ కోడ్ దగ్గర జాగ్రత్త. డి-ఎం-012-ఓ2-ఆర్ అంటే జింక, మగది, 12వ యూనిట్, రెండో రైఫిల్ సీజన్, రైఫిల్ అని అర్థం. రెండో అక్షరం దగ్గర ‘ఎం’ బదులు ‘ఎఫ్’ కొడితే మీకు వచ్చేది ఆడజింక ట్యాగ్. చివర ‘ఎం’ పడితే మజిల్‌లోడర్ (గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకి), ‘ఏ’ పడితే విల్లు. సీజన్ అంకె కూడా చూసుకోండి: అక్కడ మొదటి రైఫిల్ సీజన్ ఎల్క్ అనే పెద్ద దుప్పికి, జింకలు రెండో సీజన్ నుంచి మొదలవుతాయి. నవంబరు మధ్యలో మగజింకలు ఆడవాటి వెంట పడే రోజులు నాలుగో సీజన్‌లో వస్తాయి. అందుకే ఆ ట్యాగులకి ఏళ్ళ తరబడి పాయింట్లు కావాలి. మొదటి ప్రయాణానికి రెండో సీజన్ చాలు.

డబ్బు సంగతి. వయొమింగ్ పూర్తి రుసుము ముందే పట్టుకుంటుంది, రాకపోతే తిరిగిస్తుంది. కొలరాడో డ్రా అయ్యాక కార్డు గీకుతుంది, ఆ రోజు కార్డు పనిచేయకపోతే వచ్చిన ట్యాగ్ చేజారొచ్చు. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ తప్పనిసరి. టెక్సస్‌లో తీసుకున్నది అక్కడా చెల్లుతుంది.

అపోహ: హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు తుపాకి ముట్టుకోకూడదు

దీనికి సరిగ్గా ఎదురు అపోహ కూడా తిరుగుతోంది: స్నేహితుడి తుపాకి వాడితే ఏ గొడవా లేదని. రెండూ తప్పే. హెచ్-1బి, ఎఫ్-1, ఎల్-1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. అదే చట్టంలో మినహాయింపూ ఉంది: అమెరికాలో జారీ అయిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే ఉంచుకోవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి ఈ నిషేధమే వర్తించదు.

కీలకం ‘గడువు తీరని’ అన్న దగ్గరుంది. టెక్సస్ వేట లైసెన్స్ ఆగస్టు 31తో ముగుస్తుంది. కొత్తది తీసుకోకుండా సెప్టెంబరు 1న బీరువాలో రైఫిల్ ఉంటే, మీరు ఇంట్లో నిద్రపోతున్నా అది నేరమే. అరువు తెచ్చుకున్నదీ ‘దగ్గర ఉండటం’ కిందికే వస్తుంది. దుకాణంలో తుపాకి కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో వీసా గురించి అబద్ధం రాస్తే జైలుతో పాటు ఇమిగ్రేషన్ ఫైలు కూడా మునుగుతుంది. కొన్ని రాష్ట్రాల్లో ఇంకా కఠినమైన నియమాలున్నాయి, దారిలో దాటే ప్రతి రాష్ట్రానివీ చూసుకోవాలి. సందేహం ఉంటే వకీలుని అడగండి, వేటగాళ్ళని కాదు.

అపోహ: పబ్లిక్ ల్యాండ్ అంటే మన ఇష్టం

మ్యాప్‌లో రంగులతో మొదలుపెట్టండి. బీఎల్ఎం పసుపు, ఫారెస్ట్ సర్వీసు ఆకుపచ్చ, రాష్ట్ర ట్రస్టు నేల నీలం, ప్రైవేటు తెలుపు. ఇందులో నీలం మోసం చేస్తుంది. కొలరాడోలో ట్రస్టు నేల మామూలుగా ప్రజలకి మూసే ఉంటుంది, వన్యప్రాణి శాఖ లీజుకి తీసుకున్న ముక్కల్లోనే వేటాడొచ్చు. వయొమింగ్‌లో వేటాడొచ్చు గానీ రాత్రి గుడారం వేయకూడదు, మంట పెట్టకూడదు.

దక్షిణ వయొమింగ్‌లో యూనియన్ పసిఫిక్ రైలు దారి వెంట మ్యాప్ చదరంగం బల్లలా ఉంటుంది. 1862, 1864 చట్టాల కింద రైలు కంపెనీకి దారికి ఇరువైపులా 20 మైళ్ళ దాకా బేసి సంఖ్య సెక్షన్లు ఇచ్చారు, సరి సంఖ్యవి ప్రభుత్వం దగ్గర ఉండిపోయాయి. ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. కాబట్టి ఒక పసుపు గడికి ఇంకో పసుపు గడి మూల దగ్గర మాత్రమే తగులుతుంది. ఆ మూల మీదుగా అడుగు వేయొచ్చా అన్న మీద పెద్ద కేసే నడిచింది. 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు, ప్రైవేటు నేలని తాకకుండా మూల దాటిన వేటగాళ్ళకి అనుకూలంగా తీర్పిచ్చింది. దానికి ఆధారం 1885 నాటి కంచెల చట్టం. ఆ తీర్పు వయొమింగ్, కొలరాడో, యూటా, న్యూ మెక్సికోలకి వర్తిస్తుంది. మోంటానా, ఐడహో, నెవాడా ఆ కోర్టు పరిధిలో లేవు.

తీర్పు ఉంది కదా అని ఫోన్‌లో నీలి చుక్కని నమ్మి దాటకండి. ఫోన్ జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, మూల మాత్రం ఒక బిందువు. సర్వేవాళ్ళు పాతిన లోహపు టోపీ కంటికి కనబడితేనే దాటండి, లేకపోతే ఆ గడిని వదిలేయండి. కేసులో గెలిచినవాళ్ళు మూల మీద నిచ్చెన వేసుకుని దాటారు.

‘నో ట్రెస్‌పాసింగ్’ బోర్డు లేకపోతే వెళ్ళొచ్చన్నదీ తప్పే. కొలరాడోలో, వయొమింగ్‌లో బోర్డు లేకపోయినా ప్రైవేటు నేలలో వేటకి అనుమతి కావాలి.

ఇంకొకటి, అందరూ తడబడేది: వయొమింగ్‌లో ఫెడరల్ విల్డర్‌నెస్ ప్రాంతాల్లో (బళ్ళు నిషేధించిన అడవులు) బయటి రాష్ట్రంవాళ్ళు గైడ్ గానీ, తగిన అనుమతి తీసుకున్న స్థానికుడు గానీ తోడు లేకుండా పెద్ద జంతువులని వేటాడకూడదు. ట్రెక్కింగ్‌కి వెళ్ళొచ్చు, చేపలు పట్టొచ్చు, జింకని మాత్రం కాల్చకూడదు. యూనిట్ ఎంచుకునే ముందే విల్డర్‌నెస్ లేయర్ ఆన్ చేసి చూస్తే, మీకు పనికొచ్చే నేల సగానికి పడిపోయే యూనిట్లు బయటపడతాయి.

అపోహ: రోడ్డుకి ఎంత దూరం పోతే అంత మంచి జింక

దూరం పోతే మనుషులు తగ్గుతారు, నిజం. కానీ ఎదిగిన మగజింక ఎముక తీసేసినా 60 నుంచి 80 పౌండ్ల మాంసం ఇస్తుంది. దానికి తల, కొమ్ములు, మీ సామాను, నీళ్ళు కలపండి. ఒక్క మనిషికి రెండు విడతలు. రోడ్డుకి మూడు మైళ్ళ దూరంలో కొడితే రెండు బరువు మోతలు, మధ్యలో ఖాళీగా ఒక తిరుగు నడక, మొత్తం తొమ్మిది మైళ్ళు. అదీ పది వేల అడుగుల ఎత్తులో, డాలస్ నుంచి వచ్చిన ఊపిరితిత్తులతో. ఇద్దరికి మైలున్నర మంచి హద్దు, ఒంటరిగా అయితే ఇంకా తక్కువ.

రోడ్డు పక్కనే ఉన్నా జనం వదిలేసే చోట్లు వెతకండి. పార్కింగ్‌కి ఎదురుగా నిటారుగా ఉన్న వాలు, రోడ్డు మీంచి కనబడని చిన్న గిన్నె లాంటి లోయ, ట్రయల్ లేని వాగు అవతలి గట్టు. చీకటి ఉండగానే ఎదురు వాలు చేరి, ట్రైపాడ్ మీద 10x42 బైనాక్యులర్ బిగించి, వెలుతురు వచ్చిన తర్వాత రెండు గంటలు కదలకుండా చూడండి. పొద్దెక్కాక అవి ఉత్తరం వైపు వాలుల్లో, చెట్ల నీడల్లో పడుకుంటాయి. అప్పుడు వెతకాల్సింది జింకని కాదు. ఒక చెవి, ముక్కు మీది తెల్లటి మచ్చ, అడ్డంగా ఉన్న వెన్ను గీత. ఎండ తగలగానే గాలి వాలు ఎక్కుతుంది, సాయంత్రం చల్లబడగానే దిగుతుంది. కాబట్టి పొద్దున పై నుంచి, సాయంత్రం కింది నుంచి దగ్గరవ్వాలి.

అపోహ: గత ఐదేళ్ళ సక్సెస్ శాతం చూస్తే యూనిట్ తేలిపోతుంది

ఆ అంకెలు చనిపోయిన జింకలవి, బతికున్నవాటివి కావు. 2022-23 చలికాలం మంచు పశ్చిమ వయొమింగ్‌లో మ్యూల్ డీర్‌ని ఊచకోత కోసింది. అంతకు ముందు అంకెలు చూసి వెళ్ళినవాళ్ళకి ఖాళీ వాలులు కనబడ్డాయి. చలికాలం తర్వాత వచ్చే మంద లెక్కలు, ట్యాగుల కోటా పెరిగిందా తగ్గిందా అన్నది చూడండి. రాష్ట్ర శాఖలో ఆ యూనిట్ బయాలజిస్ట్‌కి ఫోన్ చేస్తే ఎత్తుతారు. ‘జింకలు ఎక్కడున్నాయి’ అని అడగకండి. ‘ఈ సీజన్ నాటికి సాధారణంగా ఏ ఎత్తులో ఉంటాయి, వలస మొదలవుతుందా’ అని అడగండి, జవాబు మారిపోతుంది. రెడ్ డెజర్ట్ నుంచి హోబాక్ దాకా 150 మైళ్ళు నడిచే మందలున్నాయి వయొమింగ్‌లో. ఆగస్టులో ట్రయల్ కెమెరాకి చిక్కిన జింక అక్టోబరుకి వేరే జిల్లాలో ఉంటుంది.

అపోహ: ఫోర్‌వీల్ డ్రైవ్ ఉంటే ఏ రోడ్డైనా ఎక్కుతుంది

మోంటానా తూర్పున, వయొమింగ్‌లో బెంటోనైట్ బంకమట్టి నేలలున్నాయి. ఎండితే తారు రోడ్డే. పావుగంట వాన పడితే చక్రం గాడులన్నీ నిండిపోయి టైరు గుండ్రటి గోళీ అవుతుంది, అక్కడ ఫోర్‌వీల్ డ్రైవ్ నాలుగు చక్రాలనీ ఒకేసారి జార్చడానికి పనికొస్తుంది. వాన సూచన ఉంటే ముందు రాత్రే గ్రావెల్ రోడ్డు దాకా వచ్చేయండి, లేదా తెల్లవారుజామున నేల గడ్డ కట్టినప్పుడు బయటపడండి. నాలుగు చక్రాలకీ చైన్లు, అసలు సైజు స్పేర్ టైరు, పార, టైర్లలో గాలి నింపే కంప్రెసర్. ఫారెస్ట్ సర్వీసు నేలలో ఏ రోడ్డు మీద బండి నడపొచ్చో మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ చెబుతుంది. నేల మీద రోడ్డు కనబడటం అనుమతి కాదు.

అపోహ: తుపాకి ఇంట్లో జీరో చేశాం (గురి సరిచేశాం) కదా

వెయ్యి మైళ్ళు బండిలో ఊగిన స్కోపుని చేరగానే 100 గజాల దగ్గర మళ్ళీ చూడాలి. ఎత్తులో గాలి పలచన కాబట్టి తూటా కొంచెం తక్కువ దిగుతుంది. అంతకంటే తప్పు చేయించేది వాలు: 30 డిగ్రీల వాలులో 300 గజాల దూరం చూపిస్తే, 260కి గురిపెట్టాలి. క్యాలిబర్ మీద వాదన అనవసరం. కొలరాడో జింకకి .24 క్యాలిబర్, 70 గ్రెయిన్ల తూటా కనీసం అంటుంది, .270, .308, 6.5 క్రీడ్‌మోర్ ఏదైనా సరిపోతుంది.

మిగతా వేటగాళ్ళకి కనబడేలా వేసుకునే నారింజ రంగు సంగతి: కొలరాడోలో రైఫిల్ సీజన్‌లో 500 చదరపు అంగుళాలు, టోపీతో సహా. గులాబీ కూడా చెల్లుతుంది. ఐడహోలో నియమం లేకపోయినా వేసుకోండి.

అపోహ: చలి ఉంది, మాంసం పాడవదు

జింక ఒంటి వేడి సుమారు 101 డిగ్రీల ఫారన్‌హీట్. బయట గడ్డకట్టే చలి ఉన్నా దాని తోలు దుప్పటిలా పనిచేస్తుంది. ముందు పాడయ్యేది వెనక తొడ లోపల, తుంటి కీలు దగ్గర. పైకి ఎర్రగా కనబడుతూనే ఎముక పక్క పుల్లటి వాసన వస్తుంది. కాబట్టి కూలిన గంటలో తోలు తీయడం మొదలవ్వాలి.

పేగులు తీయకుండానే ముక్కలు చేయొచ్చు. పక్కకి పడుకోబెట్టి వెన్ను గీత వెంట తోలు కోసి కిందికి లాగండి. ముందరి కాలికి ఎముక కీలు లేదు, కండతోనే అతుక్కుని ఉంటుంది, పైకెత్తి కత్తి తిప్పితే ఊడి వస్తుంది. వెన్ను పట్టీ, మెడ మాంసం, తుంటి బంతి కీలు దగ్గర కోసి వెనక తొడ. చివరి పక్కటెముక వెనక చిన్న గాటు పెట్టి లోపలి టెండర్‌లాయిన్. తిరగేసి రెండో వైపు. మాంసం గుడ్డ సంచుల్లో వేసి నీడలో, గాలి ఆడే కొమ్మకి వేలాడదీయాలి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే వేడి అందులోనే ఉండిపోతుంది. కూలర్‌లో విడి ఐసు కంటే గడ్డకట్టిన నీళ్ళ సీసాలు మేలు, మాంసం నీళ్ళలో నానదు.

కత్తి పెట్టే ముందు ఒకటి చూసుకోండి: కొలరాడోలో మగదా ఆడదా అన్న ఆధారం మాంసానికి సహజంగా అతుక్కునే ఉండాలి. మగజింక అయితే ఒక వృషణాన్ని వెనక తొడకి వదిలేస్తారు. విడిగా సంచిలో పెట్టిన కొమ్ముల తల అక్కడ ఆధారం కాదు.

జింకల మెదడుని దెబ్బతీసే సీడబ్ల్యూడీ రోగం వల్ల మెదడు, వెన్నెముక రాష్ట్రాలు దాటించకూడదు. టెక్సస్‌తో సహా చాలాచోట్ల ఇదే నియమం. ఎముక తీసిన మాంసం, శుభ్రం చేసిన కపాలం తీసుకెళ్ళొచ్చు. మనుషులకి సోకినట్టు ఇప్పటిదాకా రుజువు కాలేదు గానీ, పాజిటివ్ వచ్చిన మాంసం తినొద్దన్నదే అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ సలహా. తల పరీక్షకి ఇచ్చి, ఫలితం వచ్చేదాకా ఏ జింక మాంసం ఏదో పొట్లాల మీద రాసి ఫ్రీజర్‌లో విడివిడిగా ఉంచండి. రెండు జింకల ఖీమా కలిపి కొట్టిస్తే, ఒకటి పాజిటివ్ వచ్చిన రోజు రెండూ చెత్తబుట్టకే.