గ్యాస్ అయిపోవడం అంటూ ఉండదు

ఎండలు ముదిరేసరికి కారు ఏసీల గురించి వినిపించే మాట ఒకటే: "గ్యాస్ అయిపోయింది, కొట్టించాలి." పెట్రోలు అయిపోతుంది, ఎందుకంటే అది మండుతుంది. ఏసీ గ్యాస్ మండేందుకు పెట్టింది కాదు, వాడితే అరిగేది కాదు. గ్యాస్‌ని నొక్కే కంప్రెసర్ నుంచి వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కి, అక్కణ్నుంచి పీడనం తగ్గించే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ గుండా డ్యాష్‌బోర్డు లోపలున్న కూలింగ్ కాయిల్‌కి, మళ్లీ కంప్రెసర్‌కి అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే కారిందని అర్థం. ఎక్కడ కారిందో చూడకుండా నింపితే అది చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

మరి ఇంట్లో ఫ్రిజ్‌కి పదిహేనేళ్లయినా గ్యాస్ ఎందుకు కొట్టించం? ఫ్రిజ్‌లో మోటారు, కంప్రెసర్ రెండూ ఒకే ఇనుప డబ్బాలో వెల్డింగ్‌తో మూసి ఉంటాయి. కారులో అలా కుదరదు. కంప్రెసర్‌ని ఇంజన్ బెల్టు తిప్పాలి కాబట్టి దాని షాఫ్టు బయటికి రావాలి. అది బయటికి వచ్చేచోట ఒక రబ్బరు సీలే కాపలా. ఇంజన్ అదురుతుంది కాబట్టి గొట్టాలూ రబ్బరువే ఉండాలి. వీటి గుండా ఏడాదికి కొన్ని గ్రాములు చెమర్చి పోవడం మామూలే. నాలుగైదేళ్లకోసారి కాస్త తగ్గితే తప్పు పట్టాల్సిన పనిలేదు. ప్రతి వేసవికీ గ్యాస్ కొట్టించాల్సి వస్తోందంటే మాత్రం ఎక్కడో లీకుంది.

మన దేశంలో ఎక్కువ కార్ల ఏసీల్లో ఉన్నది ఆర్134ఏ అనే గ్యాస్. మామూలు గాలి పీడనం దగ్గర ఇది మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. పీడనం పెంచితే మరిగే వేడి కూడా పెరుగుతుంది. ఏసీ కిటుకంతా ఇందులోనే ఉంది. కూలింగ్ కాయిల్ వైపు గేజు 30 పీఎస్ఐ (పీడనం కొలత) చూపిస్తే లోపల గ్యాస్ దాదాపు సున్నా డిగ్రీల దగ్గర మరుగుతూ కారులోని వేడిని తాగుతోందన్న మాట. కండెన్సర్ వైపు 220 పీఎస్ఐ ఉంటే అక్కడ సుమారు 58 డిగ్రీల దగ్గర మళ్లీ ద్రవమవుతూ ఆ వేడిని బయటికి కక్కుతుంది. నీరు పల్లానికే పారినట్టు వేడి కూడా చల్లటి వైపుకే పోతుంది. రామగుండంలో ఎండ 45 డిగ్రీలున్న రోజున కండెన్సర్ అంతకంటే బాగా వేడెక్కితేనే వేడి గాలిలోకి దిగుతుంది. అందుకే మే నెలలో ఆ వైపు పీడనం 300 దాకా పోయినా కంగారుపడక్కర్లేదు. జనవరిలో అంతే చూపిస్తే తప్పక కంగారుపడాలి.

కోస్తాలో ఇంకో చిక్కుంది. గాలిలోంచి ఒక లీటరు నీటిని పిండాలంటే సుమారు 2400 కిలోజౌళ్ల వేడి లాగాలి. కాకినాడ ఉక్కపోతలో ఏసీ శక్తిలో పెద్ద వాటా ఆ నీళ్లకే పోతుంది. అదే కారు, అదే గ్యాస్, అయినా వెంట్ దగ్గర థర్మామీటరు రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే ఏసీ చెడినట్టు కాదు. కారు కింద ధారగా నీళ్లు కారడం మంచి గుర్తే. ఆ నీళ్లు కింద పడకుండా ముందు సీటులో కూర్చున్నవాళ్ల కాళ్ల దగ్గరి కార్పెట్‌ని తడిపితే డ్రెయిన్ గొట్టం మూసుకుపోయింది. సన్నటి మెత్తని గొట్టం పెట్టి ఊదితే పోయేదానికి డ్యాష్‌బోర్డు విప్పించుకున్నవాళ్లున్నారు.

గేజులు తగిలించేలోపే చాలా తెలుసుకోవచ్చు. గాలి విసురు తక్కువైతే ముందుగా గ్లవ్‌బాక్స్ వెనకున్న క్యాబిన్ ఫిల్టరు తీసి చూడాలి. పది, పదిహేను వేల కిలోమీటర్లకు మార్చాల్సిన ఆ కాగితపు ముక్క దుమ్ముతో అట్టలా తయారై ఉంటుంది. గాలి మొదట బాగా వచ్చి, అరగంట ప్రయాణం తర్వాత సన్నగిల్లి, ఏసీ పది నిమిషాలు ఆపాక మళ్లీ వస్తే కాయిల్ మీద మంచు గడ్డకట్టింది. చాలాసార్లు దానికి కారణం కాయిల్ వేడి చూసే థర్మిస్టర్ అనే చిన్న సెన్సరు. హైవే మీద చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడి గాలి కొడుతుంటే గ్యాస్ మీద అనుమానం తర్వాత, ముందు బానెట్ తెరిచి ఫ్యాన్ చూడాలి. కదిలే కారుకు గాలి ఊరికే వస్తుంది, ఆగిన కారుకు ఫ్యానే దిక్కు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటే కండెన్సర్ రేకుల మధ్య చేరిన మట్టి, పురుగులు, దూది చూడాలి. వాటిని పైపు నీళ్లతో మెల్లగా కడగాలి. ప్రెషర్ వాషర్‌తో దగ్గరగా కొడితే రేకులు వంగి, గాలి పోయే దారి శాశ్వతంగా మూసుకుంటుంది.

ఇక గేజుల సంగతి. ఇంజన్ ఆపి ఉండగా గేజు తగిలించి, "ప్రెషర్ బాగుంది, గ్యాస్ నిండుగా ఉంది" అనడం పెద్ద పొరపాటు. 35 డిగ్రీల వేడిలో లోపల ఒక్క చెంచాడు ద్రవం మిగిలి ఉన్నా గేజు సుమారు 115 పీఎస్ఐ చూపిస్తుంది, నిండుగా ఉన్నా అంతే చూపిస్తుంది. వంటింటి సిలిండరు ఆఖరి రోజు దాకా అదే మంట ఇచ్చినట్టు. కాబట్టి ఇంజన్‌ని 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, బ్లోయర్ ఫుల్లు పెట్టి, ఐదు నిమిషాలాగి రెండు గేజులూ కలిపి చదవాలి. రెండూ తక్కువుంటే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువుంటే గ్యాస్ మోతాదు మించింది, లేదా కండెన్సర్‌కి గాలి ఆడటం లేదు, లేదా లోపల మామూలు గాలి చేరింది. లో సైడ్ (కాయిల్ వైపు) ఎక్కువగా, హై సైడ్ (కండెన్సర్ వైపు) తక్కువగా ఉండి రెండూ దగ్గర పడితే కంప్రెసర్ నొక్కలేకపోతోంది. లో సైడ్ సున్నా కిందికి, వాక్యూమ్‌లోకి జారిపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర అడ్డం పడింది. తేమ గడ్డకట్టడం వల్ల అయితే కాసేపాగి మళ్లీ తెరుచుకుంటుంది కూడా, అందుకే ఆ తిప్పలు వచ్చిపోతుంటాయి.

అన్నిటికంటే నిక్కచ్చి పరీక్ష తూకం. బానెట్ కింద స్టిక్కర్ మీద ఆ కారుకి ఎన్ని గ్రాములు పట్టాలో ఉంటుంది. చిన్న కార్లకు సాధారణంగా 350 నుంచి 500 గ్రాములు, వెనక కూడా ఏసీ ఉన్న పెద్ద బళ్లకు అంతకు ఎంతో ఎక్కువ. రికవరీ మిషన్‌తో లోపలున్నదంతా లాగి తూస్తే గుట్టు తెలిసిపోతుంది. 450 ఉండాల్సిన చోట 430 వస్తే తప్పు గ్యాస్‌ది కాదు. 280 వస్తే లీకు వెతకాలి. చాలాచోట్ల ఈ మిషన్ ఉండదు, వాల్వ్ నొక్కి గాలిలోకి వదిలేస్తారు. ఆర్134ఏ భూతాపం పెంచడంలో కార్బన్ డయాక్సైడ్‌కి దాదాపు 1430 రెట్లు. 450 గ్రాములు వదిలితే సుమారు 280 లీటర్ల పెట్రోలు కాల్చినంత పాపం.

లీకు ఎక్కువగా నాలుగు చోట్ల దొరుకుతుంది: పైపుల కీళ్ల దగ్గరి ఓ-రింగులు, గ్యాస్ ఎక్కించే వాల్వ్ పిన్నులు, రాయి తగిలిన కండెన్సర్, కంప్రెసర్ షాఫ్టు సీలు. గ్యాస్ కారినచోట నూనె కూడా కారుతుంది కాబట్టి దుమ్ము అంటిన జిడ్డు మరకే మొదటి సాక్ష్యం. ఖాళీ చేశాక నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగతో చూడటం మంచి పద్ధతి. టైర్లకు గాలి పట్టే కంప్రెసర్‌తో ఈ పని చేయకూడదు. తేమ చేరుతుంది, పైగా పీడనంలో గాలితో కలిసిన ఆర్134ఏ అంటుకునే ప్రమాదం ఉంది.

లీకు మూశాక వాక్యూమ్. దీన్ని పది నిమిషాల్లో ముగించడమే చాలా చోట్ల జరిగే మోసం, లేదా తెలియనితనం. వాక్యూమ్ గాలిని లాగడానికి మాత్రమే కాదు, తేమని ఆవిరి చేయడానికి. పీడనం బాగా పడిపోతేనే గొట్టాల లోపలి నీరు గది వేడికే మరిగి బయటికొస్తుంది. అరగంట, ముప్పావుగంట లాగి, పంపు ఆపి, పావుగంట ముల్లు కదలకుండా నిలబడుతుందో లేదో చూడాలి. గొట్టాలు చాలాసేపు తెరిచి ఉంటే తేమని పీల్చే డ్రయర్ కూడా మార్చాలి. తేమ మిగిలితే గ్యాస్, నూనెలతో కలిసి ఆమ్లమై అల్యూమినియాన్ని లోపల్నుంచి తినేస్తుంది.

కంప్రెసర్‌కి వేరే నూనె ఛాంబర్ లేదు. గ్యాస్‌తోపాటు తిరిగే 100 నుంచి 150 మిల్లీలీటర్ల పాగ్ (PAG) అనే సింథటిక్ నూనే దానికి ప్రాణం. కండెన్సర్ మారిస్తే అందులో ఉండిపోయిన నూనె లెక్కకట్టి 20, 30 మిల్లీలీటర్లు తిరిగి పోయాలి. ఈ నూనె గాలిలోని తేమని ఉప్పులా పీలుస్తుంది, తెరిచిన డబ్బా వారం తర్వాత వాడకూడదు. కరెంటు కార్లలో, హైబ్రిడ్లలో పొరపాటున కూడా పాగ్ పోయకూడదు. అక్కడ మోటారు తీగలు ఆ నూనెలోనే మునిగి ఉంటాయి, విద్యుత్తు పారని పీఓఈ నూనె కావాలి. చలికాలంలో కూడా వారానికి పది నిమిషాలు ఏసీ వేయమనేది ఇందుకే. నూనె తగలని సీలు ఎండిపోయి కారుతుంది.

కండెన్సర్ కక్కిన వేడి ఎక్కడికి పోతుంది? నేరుగా దాని వెనకున్న రేడియేటర్ మీదికి. అందుకే ఏసీ వేస్తే ఇంజన్ వేడెక్కడం, ఇంజన్ వేడెక్కితే ఏసీ దానంతటదే ఆగిపోవడం. ఇంజన్ ఉష్ణోగ్రత హద్దు దాటితే కంప్రెసర్‌ని కట్ చేయమని కంప్యూటరుకి ముందే చెప్పి ఉంటుంది. ఘాట్ రోడ్డు మీద ఏసీ ఆగిపోతే గ్యాస్ మాట ఎత్తకముందు ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, చూడాలి.

ఇంజన్‌లో కాలిన పెట్రోలు శక్తిలో ఇంచుమించు మూడో వంతు చక్రాలకు పోతుంది, మూడో వంతు పొగగొట్టంలోంచి పోతుంది, మిగిలింది కూలెంట్ మోయాలి. మన ఊళ్లలో నీళ్లు గడ్డకట్టవు కదా, కూలెంట్ ఎందుకు అనేవాళ్లున్నారు. ఇక్కడ దాని పని వేరు. మరిగే వేడిని పెంచడం, తుప్పు ఆపడం. నీళ్లతో సగానికి సగం కలిపిన కూలెంట్, రేడియేటర్‌కి 1.1 బార్ పీడనం ఆపే మూత బిగించి ఉంటే, 125 డిగ్రీలు దాటితేగానీ మరగదు. మూత రబ్బరు పాడైతే ఆ లాభంలో పెద్ద ముక్క పోతుంది. వంద, రెండు వందల రూపాయల మూత మార్చకుండా రేడియేటర్ మార్చినవాళ్లకు లెక్కలేదు. అలాగని నీళ్లు తగ్గించి కూలెంట్ పాలు పెంచినా లాభం లేదు. నీళ్లే వేడిని బాగా మోస్తాయి, కూలెంట్‌లోని గ్లైకాల్ అంత మోయదు. కలిపే నీళ్లు డిస్టిల్డ్ వాటరే కావాలి. బోరు నీళ్లలోని సున్నం గిన్నె అడుగున పట్టిన తెల్లటి పెచ్చులాగే ఇంజన్ లోపల కూడా పడుతుంది. ఆకుపచ్చ, గులాబీ, నీలం రంగులు చూసి రకం తేల్చుకోకూడదు. రంగు కంపెనీ ఇష్టం, రసాయనం వేరు. మాన్యువల్‌లో రాసిన రకమే పోయాలి.

కారు వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేసే అలవాటు ఇంకా పోలేదు. అది కూలెంట్‌ని రేడియేటర్‌కి వదలడానికి 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకునే తలుపు. పీకేస్తే ఇంజన్ ఎప్పుడూ చలిగానే నడిచి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ చిక్కటి బురదవుతుంది. అసలు రోగం, అంటే మూసుకుపోయిన రేడియేటరో అరిగిన వాటర్ పంపో, అలాగే ఉండిపోతుంది. డ్యాష్‌బోర్డు ముల్లుని కూడా పూర్తిగా నమ్మకూడదు. చాలా కార్లలో దాన్ని 80కీ 105కీ మధ్య కదలకుండా తయారుచేస్తారు, కదిలేసరికే ఆలస్యమవుతుంది. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సరు ద్రవం తగలక గాలిలో వేలాడుతూ, ఇంజన్ ఉడుకుతుంటే తక్కువ చూపించిన సందర్భాలూ ఉంటాయి. ముల్లు ఎర్రగీత వైపు వెళ్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లు పెట్టి, పక్కకు తీసి ఆపాలి. రేడియేటర్ మూత మాత్రం అరగంట దాకా ముట్టుకోకూడదు.

కూలెంట్ చేరలేని చోట్లు ఇంజన్‌లో చాలా ఉన్నాయి: పిస్టన్ల అడుగు, బేరింగులు, టర్బో షాఫ్టు. అక్కడి వేడిని మోసేది ఆయిలే. ఆయిల్ డబ్బా మీద రాసే 5డబ్ల్యూ-30లో 30 అంటే 100 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలని, 5డబ్ల్యూ అంటే మైనస్ 30 డిగ్రీల చలిలోనూ ఇంజన్ తిరగగలదని. ఎండలున్నాయి కదా అని 20కి బదులు 50 పోస్తే సన్నటి దారుల్లోకి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. రంగు నల్లబడితే పాడైందనుకోవడం కూడా తప్పే. డీజిల్‌లో మార్చిన కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది, మసిని పట్టి ఉంచడం దాని ఉద్యోగం.

ఆయిల్ స్థాయి చూడాలంటే చదును నేల, ఇంజన్ ఆపి పది నిమిషాలు. కొలపుల్ల మీద రెండు గీతల మధ్య చాలా కార్లలో సుమారు ఒక లీటరు తేడా. పై గీత దాటితే క్రాంక్ షాఫ్టు ఆయిల్‌ని మజ్జిగ చిలికినట్టు చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగుని కాపాడలేదు. కొత్త డీజిల్ కార్లలో పోయకుండానే స్థాయి పెరుగుతుంటే పొగ ఫిల్టరు శుభ్రమయ్యేటప్పుడు డీజిల్ ఆయిల్‌లోకి దిగుతోంది, ఊళ్లో చిన్నచిన్న ప్రయాణాలు చేసే బళ్లకు ఇది ఎక్కువ. డ్యాష్‌బోర్డు మీది ఎర్రటి కూజా గుర్తు మాత్రం స్థాయి గురించి చెప్పేది కాదు. ఆయిల్ ప్రెషర్ అర బార్ దగ్గరికి పడిపోయాకే అది వెలుగుతుంది. ఇంటికి రెండు కిలోమీటర్లే కదా అనకుండా అక్కడికక్కడే ఆపాలి.

ఆయిల్ మూత అడుగున పాలమీగడ లాంటి పొర కనిపిస్తే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగాన్ని, కింది బ్లాక్‌ని కలిపేచోట ఉండే సీలు) పోయిందని వెంటనే ఇంజన్ విప్పించకండి. చలికాలంలో పొట్టి ప్రయాణాలు చేసే కారులో ఆవిరి అక్కడ చేరి అలా కనిపిస్తుంది. కొలపుల్ల మీది ఆయిల్ కూడా తెల్లబడిందా, కూలెంట్ తగ్గుతోందా, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి కూలెంట్ ట్యాంకు మూత తీసి చూస్తే అందులో బుడగలు ఆగకుండా వస్తున్నాయా చూడాలి. బ్లాక్ టెస్ట్ నీలిరంగు ద్రవం ట్యాంకు మీద పట్టి పెట్రోలు ఇంజన్‌ని నడిపితే, కాలిన గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోంటే అది పసుపుపచ్చగా మారుతుంది. నీలంగానే ఉండి, కూలెంట్ కూడా తగ్గకపోతే, ఒక గంట హైవే మీద నడిపి ఆ మీగడ తుడిచి చూడండి, మళ్లీ రాకపోవచ్చు.