ఇంట్లో నాలుగు టీవీలు: నెట్, వైర్ల మీద అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్లాన్ పెంచితే బెడ్‌రూం టీవీలో బఫరింగ్ ఆగిపోతుంది.

హైదరాబాద్‌లో మణికొండ, నార్సింగి, కొల్లూరు వైపు కొత్త టవర్లలో నెట్ వైరింగ్ పనికెళ్తే ముందు వినబడేది ఈ మాటే. 4కే సినిమాకు ఒక టీవీకి 25 ఎంబీపీఎస్ ధారాళంగా సరిపోతుంది. నాలుగూ ఒకేసారి నడిచినా 100. చాలామందికి అంతకన్నా పెద్ద ప్లానే ఉంటుంది. ఇబ్బందంతా గుమ్మం లోపలే. నెట్ వేసిన అబ్బాయి రూటర్‌ని హాల్లో టీవీ వెనక తగిలించి వెళ్తాడు. బెడ్‌రూం టీవీ రెండు గోడల అవతల. ఈ టవర్లలో చాలావరకు మివాన్ కట్టడాలు, అంటే ఇటుక గోడలు కావు, చువ్వలున్న కాంక్రీటు. అలాంటివి రెండు దాటేసరికి 5 గిగాహెర్ట్జ్ వైఫై నీరసపడుతుంది. 300 తీసి 500 వేయించుకున్నంత మాత్రాన గోడ పలచబడదు కదా!

అపోహ: ఇంట్లో దిగాక వైరింగ్ కుదరదు, మెష్ (రూటర్‌తో పాటు గదుల్లో పెట్టే అదనపు వైఫై యూనిట్లు) పెట్టుకోవడమే.

మివాన్ గోడ కొట్టమని నేనూ చెప్పను. చాలాసార్లు ఆ అవసరమే రాదు. టీవీ పాయింట్లకు డిష్ వైరు కోసం బిల్డర్ వేసిన పైపు ఉంటుంది. ఆ వైరు ఇప్పుడు వాడట్లేదనుకోండి, దాని చివర క్యాట్ 6 (నెట్ కేబుల్) కట్టి అవతలి నుంచి లాగితే పాతది బయటికి, కొత్తది లోపలికి. పైపు నలిగి ఉంటేనే చిక్కు. అందుకే ముందు పాత వైరు కదులుతోందో లేదో చూసుకోవాలి. పైపులన్నీ కలిసేచోట ఒక చిన్న గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్విచ్, అంటే రూటర్ లైన్‌ని పలు లైన్లుగా పంచే పెట్టె, పెడితే అన్ని గదులకూ లైన్ వచ్చేసినట్టే. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దీన్ని దూర్చకండి.

కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, పార్క్‌లేన్ సీటీసీలో కొన్నా, కేబుల్ మీద సీసీఏ అని ఉంటే వదిలేయండి. అది రాగి పూత పూసిన అల్యూమినియం, లాగుడుకి తెగుతుంది. అసలు రాగిదైతే 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. మీ ఫ్లాటులో అంత దూరం ఎక్కడిది?

మెష్ చెడ్డదని కాదు. రెండో యూనిట్‌కి వైరిస్తే చక్కగా పనిచేస్తుంది. వైరు లేకుండా ఒకే వైఫై బ్యాండ్ మీద అందుకుంటూ, పంపుతూ ఉంటే మాత్రం వేగం దాదాపు సగమవుతుంది.

అపోహ: వైరు పెట్టాక టీవీలో స్పీడ్ తగ్గింది, వైరే దండగ.

స్పీడ్ టెస్ట్‌లో 94 ఎంబీపీఎస్ చూసి ఫోన్లు చేస్తుంటారు. చాలా స్మార్ట్ టీవీల లాన్ పోర్టు (నెట్ వైరు గుచ్చే చోటు) 100 ఎంబీపీఎస్‌దే. ఓటీటీకి అది ఎక్కువే, పైగా నిలకడగా వస్తుంది. 4కే బ్లూ-రే ఫైళ్లు ఎన్‌ఏఎస్‌లో (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే హార్డ్‌డిస్క్ పెట్టెలో) పెట్టుకుని చూసేవాళ్ల సంగతి వేరు. అవి 128 ఎంబీపీఎస్ దాకా పోగలవు, గిగాబిట్ పోర్టున్న బాక్స్ కావాలి.

అపోహ: ఇంట్లో దాచుకున్న వీడియోలకూ నెట్ ఉండాలి.

అక్కర్లేదు. రూటర్‌కి కరెంటుంటే చాలు.

అపోహ: ఒక సెట్‌టాప్ బాక్స్, ఒక స్ప్లిటర్‌తో నాలుగు గదుల్లో నాలుగు ఛానళ్లు.

హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ అన్నిచోట్లా ఒకే బొమ్మ చూపిస్తుంది. హాల్లో తాతయ్య వార్తలు పెడితే పిల్లల గదిలోనూ వార్తలే. డీటీహెచ్ అయితే టీవీకో బాక్స్ కావాల్సిందే. ఓటీటీలో ఇంకో మెలిక ఉంది: కొత్తగా ఆన్ చేసిన టీవీ ఒక్కటే మొరాయిస్తుంటే నన్ను పిలిచే ముందు ప్లాన్‌లో ఒకేసారి ఎన్ని తెరలకు అనుమతుందో చూసుకోండి.