ప్రైరీ డాగ్ ఊళ్లో అయినవాళ్లూ కానివాళ్లూ

ఫోన్లో జంతువుల వీడియోలు చూసేవాళ్లకి ప్రైరీ డాగ్ కొత్త కాదు. బొద్దుగా, మట్టిరంగులో ఉన్న రెండు జీవులు ఎదురుపడతాయి, మూతీ మూతీ ఆనించి ఒక్క క్షణం ఆగుతాయి. కింద కామెంట్లలో ప్రేమ గుర్తులు కురుస్తాయి. అక్కడ జరుగుతున్నది నిజానికి తనిఖీ. నోరు తెరిచి, పళ్లు తగిలేంత దగ్గరకొచ్చి, ఎదుటిది తమ కుటుంబంలోదా కాదా అని తేల్చుకుంటున్నాయి. అయినదైతే పక్కపక్కనే మేస్తాయి, ఒకదాని ఒళ్లు ఇంకొకటి శుభ్రం చేస్తుంది. కానిదైతే తోక నిక్కబొడుచుకుని, పళ్లు పటపటలాడించి తరుముతాయి. ఒక్కోసారి కొట్లాట కూడా అవుతుంది.

ఈ జంతువు బతుకులో చాలా సంగతులు ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతాయి. అయినవాళ్లా, కానివాళ్లా? అలాగని అయినవాళ్ల దగ్గర అంతా క్షేమమే అనుకుంటే పొరపాటు.

ముందు పరిచయం కాస్త. పేరులో డాగ్ ఉన్నా ఇది ఉడుతల కుటుంబానికి చెందింది. మొరిగినట్టు అరుస్తుందని ఆ పేరు పెట్టారు. సహజంగా ఉండేది ఉత్తర అమెరికా గడ్డిభూముల్లోనే, కెనడా దక్షిణపు కొస నుంచి మెక్సికో ఉత్తర భాగం దాకా. మొత్తం ఐదు జాతులు. బరువు కిలోకి అటూ ఇటూ. గడ్డి, ఆకులు తింటుంది, నేలలో బొరియలు తవ్వుకుని గుంపులుగా బతుకుతుంది. ఆ గుంపుల్ని అమెరికాలో ‘టౌన్’ అంటారు, మనం ఊరు అనుకుందాం. ఐదింటిలో ఎక్కువగా కనిపించేదీ, శాస్త్రవేత్తలు ఎక్కువగా గమనించిందీ నల్లతోక ప్రైరీ డాగ్.

ఇప్పుడు మనకు తెలిసినదాంట్లో చాలా భాగం జాన్ హూగ్లండ్ అనే జీవశాస్త్రవేత్త ఓపిక వల్ల తెలిసింది. ఆయన 1970ల్లో సౌత్ డకోటాలోని విండ్ కేవ్ నేషనల్ పార్కులో ఒక ఊరిని ఎంచుకున్నాడు. ప్రతి జంతువునీ పట్టి, చెవికి బిళ్ల వేసి, దూరం నుంచే ఏది ఏదో తెలిసేలా ఒంటి మీద నల్లరంగుతో గుర్తులు పెట్టించాడు. తెల్లవారి అవి బయటికి రాకముందే మంచె ఎక్కడం, అవి లోపలికి వెళ్లాక దిగడం. ఏటేటా అదే పని. ఏది ఎవరి కూతురో, ఎవరి చెల్లెలో తరాల తరబడి రాసిపెట్టుకున్న ఇలాంటి వంశవృక్షం లేకపోతే, తర్వాత బయటపడిన విషయాలేవీ అర్థమయ్యేవి కావు.

ఊరంతా ఒకటే సమూహంలా కనిపించినా, లోపల చిన్న చిన్న కుటుంబాలుంటాయి. ఒక్కో కుటుంబంలో మామూలుగా ఒక పెద్ద మగది, రెండు నుంచి నాలుగు ఆడవి, వాటి పిల్లలు. హద్దులు ఖచ్చితంగా ఉంటాయి, గీతలు మాత్రం మన కంటికి కనిపించవు. ఆడవి పుట్టినచోటే ఉండిపోతాయి. అంటే కుటుంబంలోని ఆడవన్నీ తల్లులు, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు, పెద్దమ్మలు, పిన్నులు. మగపిల్లలు రెండో ఏట వెళ్లిపోవాలి. తండ్రి కూడా కూతుళ్లు ఈడుకొచ్చే సమయానికి సాధారణంగా ఇంకో కుటుంబానికి మారిపోతుంది. దగ్గరి రక్తసంబంధంలో జత కట్టే అవకాశం అలా చాలావరకు తప్పుతుంది.

ఆడది జతకు సిద్ధంగా ఉండేది ఏడాదికి ఒక్కరోజు. ఆ ఒక్కరోజులోనూ ఐదారు గంటలే. తర్వాత దాదాపు 35 రోజులకు బొరియ లోపల, గడ్డి పరిచిన గదిలో, కళ్లు తెరవని పిల్లల్ని కంటుంది. ఆ పిల్లలు మొదటిసారి పైకి వచ్చేది ఆరు వారాలకు.

ఆ ఆరు వారాల్లో కింద జరిగేదే హూగ్లండ్‌ని ఆశ్చర్యపరిచింది. ఒక తల్లి మేతకు బయటికి వెళ్లినప్పుడు ఇంకో ఆడది దాని బొరియలోకి దూరుతుంది. కాసేపటికి ముఖం మీద నెత్తురుతో బయటికొచ్చి, పంజాలు నాకుకుని, మూతిని మట్టికి రుద్దుకుంటుంది. తర్వాత తవ్వి చూస్తే పిల్లల కళేబరాలు దొరికాయి. 1985లో ఆయన ప్రచురించిన లెక్క ప్రకారం, ఆ ఊళ్లో 51 శాతం ఈతల్లో పిల్లలన్నీ గానీ కొన్ని గానీ సొంత జాతి చేతిలోనే పోయాయి. అందులో ఎక్కువ భాగం చేసింది బయటి మగవి కాదు, అదే కుటుంబంలోని బాలింత ఆడవి. చంపింది ఎవరి పిల్లల్ని? అక్కచెల్లెళ్ల పిల్లల్ని, కూతురి పిల్లల్ని.

బంధువులకు సాయం చేస్తే తన జన్యువులకే మేలన్నది పరిణామ శాస్త్రంలో పేరున్న సూత్రం. ఇక్కడ అది తలకిందులైనట్టు ఉంది. కారణాలు ఊహించవచ్చు. పాలిచ్చే తల్లికి మాంసం బలమైన తిండి. రేపు తన పిల్లలకు పోటీ తగ్గుతుంది. పిల్లల్ని పోగొట్టుకున్న ఆడది మళ్లీ ఇంకొకరి పిల్లల మీద పడటమూ అరుదు. పక్క కుటుంబం బొరియల దాకా వెళ్లాలంటే హద్దు దాటాలి, దెబ్బలు తినాలి. అయినవాళ్ల ఇల్లు దగ్గర, దారి సులువు. నాకైతే ఈ చివరి కారణమే ఎక్కువ నమ్మదగ్గదిగా అనిపిస్తుంది.

అసలు వింత ఆ తర్వాత. బతికిన పిల్లలు ఆరో వారంలో పైకి రాగానే ఈ హత్యలు ఆగిపోతాయి. కుటుంబంలోని పిల్లలన్నీ కలిసిపోతాయి, తల్లులు ఎవరి పిల్లలకైనా పాలిస్తాయి. నెల కిందట అక్క పిల్లల్ని చంపిన ఆడది ఇప్పుడు ఇంకో చెల్లెలి పిల్లకు పాలు కుడుపుతూ ఉంటుంది.

తెల్లతోక జాతిది ఇంకో కథ. కొలరాడోలో హూగ్లండ్ బృందం చూసింది దాన్ని. అవి తమతో పాటు అదే గడ్డి తినే ఒక నేల ఉడుత జాతి పిల్లల్ని పట్టి, కొరికి చంపి, తినకుండా వదిలేసి వెళ్తున్నాయి. గడ్డి తినే జంతువు తిండిలో పోటీదారుని పనిగట్టుకుని చంపడం! అలా చంపిన ఆడవాటి పిల్లలే ఎక్కువగా బతికాయని 2016లో ప్రచురించారు.

ఇక అరుపుల సంగతి. గద్ద, నేల తవ్వి వేటాడే బ్యాడ్జర్, నక్కలాంటి కయోటీ, ఏది కనిపించినా ఒకటి అరుస్తుంది, మిగతావి బొరియల వైపు పరిగెత్తుతాయి. అరిచినదాని మీద శత్రువు చూపు పడుతుంది కదా, మరి ఎందుకు అరవాలి? ఇది తేల్చడానికి హూగ్లండ్ చర్మంలో దూది కుక్కిన బ్యాడ్జర్ బొమ్మను తాడు కట్టి ఊళ్లో లాగించాడు. దగ్గర్లో బంధువులున్నవే ఎక్కువగా అరిచాయి. పిల్లలే ఉండక్కర్లేదు, తోబుట్టువులున్నా చాలు.

దీనికి భిన్నమైన ఇంకో అరుపు ఉంది. ముందుకాళ్లు పైకి విసిరి, తల వెనక్కి వాల్చి, ఒళ్లంతా సాగదీసి రెండు ముక్కల్లో ఒక కూత పెడుతుంది. ఆ ఊపుకి ఒక్కోసారి వెనక్కి పడిపోతుంది కూడా. వెంటనే పక్కదీ, దాని పక్కదీ అందుకుంటాయి. ప్రమాదం పోయిందని చెప్పడమే దీని పని అని చాలాకాలం అనుకున్నారు. 2014లో కెనడా పరిశోధకులు ఇంకో అర్థం చూపించారు. మొదట కూసినదానికి ఎన్ని ఎక్కువ జవాబులొస్తే, అది అంత నిశ్చింతగా మేతలో పడుతోంది. జవాబులు తక్కువైతే తల ఎత్తి చూడటం పెరుగుతోంది. జొన్నచేను కాపలాలో రాత్రిపూట ఒక మంచె మీద నుంచి ‘ఓయ్’ అంటే పక్క మంచె వాడు ‘ఓయ్’ అన్నట్టే ఇదీ. మెలకువగా ఉన్నావా అని అడగడం.

అరిజోనాలో, ఐదింటిలో ఒకటైన గన్నిసన్ జాతి మీద పనిచేసిన జీవశాస్త్రవేత్త కాన్ స్లొబొడ్చికాఫ్ ఇంకా దూరం వెళ్లాడు. గద్దకు, కయోటీకి, కుక్కకు, మనిషికి వేరువేరు పిలుపులున్నాయన్నాడు. అంతటితో ఆగకుండా మనుషులకు రంగురంగుల చొక్కాలు వేసి నడిపించాడు. నీలం చొక్కాకి, పసుపు చొక్కాకి అరుపులో తేడా వచ్చింది. పసుపుకి, ఆకుపచ్చకి రాలేదు. ప్రైరీ డాగ్ కంట్లో రంగుల్ని పట్టే కణాలు రెండు రకాలే కాబట్టి ఇది సరిగ్గా సరిపోతుంది. దీన్ని ఆయన భాష అంటాడు. నేను అంతదాకా వెళ్లను. ధ్వనిలో తేడా కంప్యూటర్‌కి కనిపించడం ఒకటి, వినే ప్రైరీ డాగ్ ఆ తేడాను పట్టి పని మార్చుకోవడం ఇంకొకటి. శత్రువు ఏ రకమన్న విషయంలో రెండోదానికి కొంత ఆధారం ఉంది, చొక్కా రంగు విషయంలో అంత లేదు.

బంధుత్వం గురించి చివరగా ఒక్కటి. యవ్వనంలో ఊరు వదిలిపోయే జంతువులు, తిండి దగ్గర బంధువులతో పోటీ పడకుండా ఉండటానికే వెళ్తాయని సాధారణంగా చెబుతారు. ప్రైరీ డాగ్ ఆడవి దానికి సరిగ్గా వ్యతిరేకం. తల్లీ, తోబుట్టువులూ ఉన్నంతకాలం కదలవు. దగ్గరివాళ్లంతా పోయాకే కుటుంబం వదిలి వెళ్తాయి. మూడు జాతుల్లో దశాబ్దాల రికార్డులు కలిపి చూసి హూగ్లండ్ 2013లో ఇది చెప్పాడు. పిల్లల్ని చంపే అయినవాళ్లే అయినా, వాళ్లు లేని చోట ఉండటం అంతకన్నా కష్టమన్నమాట.

ఈ ఊళ్లు ఎంత లోతో మొదట రాసిపెట్టినవాళ్లలో అమెరికా పడమటి ప్రాంతాల్ని అన్వేషించిన లూయిస్, క్లార్క్ ఉన్నారు. 1804 సెప్టెంబరు 7న ఇప్పటి నెబ్రాస్కాలో వాళ్ల బృందం ఒక బొరియలో ఐదు పీపాల నీళ్లు పోసింది, నిండలేదు. తవ్వారు, కర్ర దూర్చారు, అడుగు అందలేదు. చివరికి నీళ్లు పోసే ఒకదాన్ని ప్రాణాలతో పట్టుకున్నారు. మరుసటి ఏడాది ప్రాణాలతో ఉన్న ఒకదాన్ని పడవల మీద అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్‌కి పంపితే, అది నెలల ప్రయాణం తట్టుకుని చేరింది. అంత లోతున గాలి ఎలా ఆడుతుంది? బొరియకు రెండు ద్వారాలుంటే, ఒకదాని చుట్టూ మట్టి దిబ్బ తక్కువ ఎత్తులో గుండ్రంగా ఉంటుంది. రెండోదాని అంచు నిలువుగా, ఎత్తుగా లేస్తుంది. నేలకు దూరమయ్యే కొద్దీ గాలి వేగం పెరుగుతుంది, వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుంది. అందుకే ఎత్తు ద్వారంలోంచి లోపలి గాలి బయటికి లాగబడి, పల్లపు ద్వారంలోంచి కొత్త గాలి వస్తుంది. 1973లో జీవశాస్త్రవేత్త స్టీవెన్ వోగెల్, ఆయన సహచరులు దీన్ని కొలిచారు. చిరుగాలి వీచినా పది నిమిషాల్లో బొరియలో గాలి మారిపోతుంది. వానపడ్డాక ఆ అంచుల్ని అవి ముక్కుతో పొడిచి గట్టిచేస్తాయి, మట్టి మీద ముక్కు అచ్చులు కనిపిస్తాయి.

ఇలాంటి ఊళ్లు ఒకప్పుడు ఎంత మేర ఉండేవంటే, 1905లో వెర్నన్ బెయిలీ అనే ప్రకృతి శాస్త్రవేత్త టెక్సస్‌లో ఒకే ఒక్క ఊరు 65,000 చదరపు కిలోమీటర్లు, అందులో 40 కోట్ల జంతువులు అని అంచనా వేశాడు. తెలంగాణలో సగానికి పైగా విస్తీర్ణం అది. అంచనా ఎక్కువో తక్కువో గానీ, పశువుల పెంపకందార్లకు కడుపుమంట రావడానికి అది చాలు. 1902లోనే ప్రభుత్వ జీవశాస్త్ర విభాగం అధిపతి సి. హార్ట్ మెరియం, 256 ప్రైరీ డాగ్‌లు కలిసి ఒక ఆవు తినేంత గడ్డి తింటాయని లెక్క చెప్పాడు. ఆ అంకె ఆసరాగా దశాబ్దాల యుద్ధం నడిచింది. స్ట్రిక్నిన్ కలిపిన గింజలు బొరియల దగ్గర చల్లారు. ఆ విషం వచ్చేది మన తూర్పు కనుమల్లోనూ పెరిగే ముష్టి చెట్టు గింజల నుంచి. ప్రైరీ డాగ్‌లున్న నేల పాత విస్తీర్ణంలో కొద్ది శాతానికి పడిపోయింది. టెక్సస్‌లోని లబ్బక్‌లో, ఇక మిగలవేమోనన్న భయంతో 1935లో పార్కులో ఒక మూల చిన్న గోడ కట్టి కొన్నిటిని కాపాడారు. అక్కడి యూనివర్సిటీలో చదివే తెలుగు విద్యార్థులు చూసే ప్రైరీ డాగ్ టౌన్ అదే.

మెరియం లెక్కలో గడ్డి ఎంత తిన్నదన్నదే ఉంది, తిన్నాక మొలిచేదేమిటన్నది లేదు. ఊరి నేలమీద గడ్డి పొట్టిగా ఉంటుంది గానీ లేతది, మాంసకృత్తులు ఎక్కువ. అడవి దున్నల్లాంటి బైసన్‌లు వెతుక్కుంటూ వచ్చి అక్కడ మేస్తాయి. పశువుల పెంపకందారుకి నష్టం లేదని కాదు, కరువు ఏడాదిలో ఉంటుంది, కానీ ఆ అంకె చెప్పినంత కాదు. పాత బొరియల్లో గుడ్లగూబలు గూళ్లు పెడతాయి, పాములు తలదాచుకుంటాయి. నల్లకాళ్ల ఫెర్రెట్ అనే ముంగిసలాంటి వేటజంతువుకైతే తిండీ ఇల్లూ రెండూ ఇవే.

విషం తర్వాత రోగం వచ్చింది. 1894లో హాంకాంగ్‌ని, 1896లో బొంబాయిని వణికించిన ప్లేగు 1900లో ఓడల మీద శాన్ ఫ్రాన్సిస్కో చేరింది. అక్కడి నుంచి, ఒంటి మీద ఉండి నెత్తురు పీల్చే గోమార్ల (ఫ్లీ) ద్వారా అడవి జంతువుల్లోకి దిగింది. ప్రైరీ డాగ్‌లకు దాన్ని తట్టుకునే శక్తి దాదాపు లేదు. సోకిన ఊళ్లో నూటికి తొంభైకి పైగా కొద్ది వారాల్లో చచ్చిపోతాయి. ఇప్పుడు బొరియల్లో గోమార్ల మందు చల్లుతున్నారు, వేరుశెనగ వెన్న వాసన వచ్చే టీకా గుళికలు కూడా వేసి చూశారు.

ఫెర్రెట్ అంతరించిపోయిందనే అనుకున్నారు. 1981లో వయోమింగ్‌లోని మీటీట్సీ దగ్గర ఒక పెంపుడు కుక్క చచ్చిన ఫెర్రెట్‌ని ఇంటికి నోట కరుచుకొచ్చింది. వెతికితే చిన్న గుంపు దొరికింది, దానిమీదా రోగాలు పడ్డాయి. 1987 నాటికి మిగిలిన 18ని పట్టి పెంచి, 1991 నుంచి మళ్లీ బయట వదలడం మొదలుపెట్టారు. 2020లో ఒకదాన్ని క్లోనింగ్ చేసి పుట్టించారు. ఇంత చేసి వదలాలంటే మాత్రం వాటికి నిండుగా ప్రైరీ డాగ్‌లున్న ఊరు కావాలి.

కాన్సస్ రాష్ట్రంలోని లోగన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) కొందరు భూస్వాములు తమ పచ్చికలో అలాంటి ఊళ్లను ఉంచుకున్నారు, 2007 చివర్లో అక్కడ ఫెర్రెట్లను వదిలారు. యజమాని ఒప్పుకోకపోయినా లోపలికి వెళ్లి ప్రైరీ డాగ్‌లను చంపి, ఖర్చు అతని దగ్గరే వసూలు చేసుకోవచ్చని కాన్సస్‌లో 1901 నాటి చట్టం ఒకటి ఉంది. కౌంటీ అధికారులు, చుట్టుపక్కల రైతుల ఫిర్యాదుల మీద, ఆ పాత చట్టాన్నే బయటికి తీశారు. వివాదం కోర్టుకెక్కింది.