514 రాసేస్తే పని అయిపోయినట్టేనా? అకౌంట్ డిసేబుల్ పైప్‌లైన్లపై అపోహలు - వాస్తవాలు

ఉద్యోగి చివరి తేదీ హెచ్‌ఆర్ సిస్టమ్‌లో పడుతుంది. సిస్టమ్‌ల మధ్య సమాచారం చేరవేసే ప్రోగ్రామ్, అంటే ఇంటిగ్రేషన్ పైప్‌లైన్, దాన్ని అందుకుని యాక్టివ్ డైరెక్టరీలో (సంస్థలోని యూజర్ అకౌంట్లు ఉండే మైక్రోసాఫ్ట్ డైరెక్టరీ) ఆ అకౌంట్‌ను డిసేబుల్ చేస్తుంది. వినడానికి చిన్న పనే కాబట్టి చాలా టీముల్లో దీన్ని కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చేస్తారు. ఇలాంటి పైప్‌లైన్లు రాయడం, ఇతరులు రాసినవి సరిచూడడం నా పని. వాటిలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: డిసేబుల్ చేయడమంటే యూజర్ అకౌంట్ కంట్రోల్ అట్రిబ్యూట్‌లో 514 రాయడం.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. ఆ అట్రిబ్యూట్‌లో, అంటే అకౌంట్ రికార్డులోని ఆ గడిలో, ఉండేది ఒక్క స్థితి కాదు, చాలా ఫ్లాగుల (ఒక్కో సెట్టింగ్‌ను సూచించే అంకెల) మొత్తం. 512 అంటే మామూలు అకౌంట్. 2 అంటే డిసేబుల్. రెండూ కలిస్తే 514. కానీ పాస్‌వర్డ్‌కు గడువు లేని అకౌంట్‌కు 65536 కూడా తోడవుతుంది, అంటే దాని విలువ 66048. దాన్ని డిసేబుల్ చేస్తే 66050 రావాలి. మీరు 514 రాస్తే అకౌంట్ డిసేబుల్ అవుతుంది, టెస్ట్ పాసవుతుంది, కానీ గడువు ఫ్లాగ్ చడీచప్పుడు లేకుండా పోతుంది. స్మార్ట్‌కార్డ్ తప్పనిసరి అని చెప్పే 262144 ఫ్లాగ్‌దీ అదే గతి. అలా మూసింది సెలవులో ఉన్న మనిషి అకౌంట్ అయితే, ఆ మనిషి తిరిగొచ్చాక ఎవరో 512 రాసి తెరుస్తారు. అకౌంట్ పనిచేస్తుంది, ముందున్న భద్రతా షరతు మాత్రం ఉండదు.

కాబట్టి ముందు ఉన్న విలువ చదవాలి, అందులో 2 విలువ గల బిట్‌ను మాత్రమే బిట్‌వైజ్ ఆర్‌తో (మిగతా బిట్లను ముట్టుకోకుండా ఒక బిట్‌ను 1 చేసే ఆపరేషన్) వెలిగించాలి, తర్వాత రాయాలి. తిరిగి తెరిచేటప్పుడు ఆ ఒక్క బిట్‌నే ఆర్పాలి. మామూలు కూడిక వాడొద్దు. పైప్‌లైన్ రెండోసారి నడిస్తే 514 కాస్తా 516 అవుతుంది, 516లో డిసేబుల్ బిట్ లేనే లేదు. పైగా ఎల్‌డాప్ (డైరెక్టరీతో మాట్లాడే ప్రోటోకాల్) ఈ విలువను అక్షరాలుగా పంపుతుంది. జావాస్క్రిప్ట్ తరహా ఎక్స్‌ప్రెషన్లలో దాన్ని సంఖ్యగా మార్చకుండా 2 కూడితే 5122 వస్తుంది.

వెతికేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. విలువ 514కు సమానమా అని అడిగే ఫిల్టర్‌కు 66050 ఉన్న అకౌంట్లు దొరకవు. బిట్‌ను చూసే 1.2.840.113556.1.4.803 అనే మ్యాచింగ్ రూల్‌తో 2ను వెతకాలి.

అపోహ: డిసేబుల్ చేసిన క్షణం నుంచే ఆ మనిషికి దారులన్నీ మూసుకుపోతాయి.

కొత్త లాగిన్లు ఆగుతాయి, అది కూడా మార్పు చేరిన డొమైన్ కంట్రోలర్ల (డైరెక్టరీ కాపీని ఉంచుకుని లాగిన్లను తనిఖీ చేసే సర్వర్ల) దగ్గరే. సైట్ల (వేర్వేరు చోట్ల ఉన్న నెట్‌వర్క్‌ల) మధ్య రెప్లికేషన్, అంటే ఒక కాపీలోని మార్పును మిగతావాటికి చేరవేయడం, డిఫాల్ట్‌గా 180 నిమిషాలకోసారి జరుగుతుంది. అప్పటికే చేతిలో ఉన్న కెర్బరోస్ సర్వీస్ టికెట్ (లాగిన్ అయ్యాక సర్వర్లకు చూపే డిజిటల్ పాస్) డిఫాల్ట్‌గా 10 గంటల వరకు చెల్లుతుంది. క్లౌడ్ వైపు, మార్పులను మైక్రోసాఫ్ట్ క్లౌడ్ డైరెక్టరీ అయిన ఎంట్రాకు పంపే ఎంట్రా కనెక్ట్ సింక్ 30 నిమిషాలకోసారి నడుస్తుంది. క్లౌడ్ యాప్‌లకు చూపే యాక్సెస్ టోకెన్ మామూలుగా 60 నుంచి 90 నిమిషాలు బతికి ఉంటుంది.

ఉద్యోగి మర్యాదగా ఉద్యోగం మానేసి వెళ్తుంటే ఈ ఆలస్యంతో ఇబ్బంది లేదు. తక్షణం బయటికి పంపాల్సిన కేసుకు మాత్రం వేరే దారి ఉండాలి. ఆన్-ప్రెమ్‌లో (సంస్థ సొంత సర్వర్లలోని యాక్టివ్ డైరెక్టరీలో) డిసేబుల్ చేసి పాస్‌వర్డ్‌ను రెండుసార్లు రీసెట్ చేయాలి. ఎంట్రాలోనూ నేరుగా డిసేబుల్ చేసి, సెషన్లు రద్దు చేయాలి. ఈ రెండు కేసులను ఒకే షెడ్యూల్‌లో నడిపే డిజైన్‌ను నేను ఒప్పుకోను. అర్జెంట్ కేసు వచ్చిన రోజు టెన్షన్ అంతా ఆపరేషన్స్ వాళ్ల మీద పడుతుంది.

అపోహ: అకౌంట్ ఎక్స్‌పైరీ తేదీ పెడితే చాలు, డిసేబుల్ అక్కర్లేదు.

యాక్టివ్ డైరెక్టరీలో అది పనిచేస్తుంది. కానీ ఆ తేదీ ఎంట్రాకు సింక్ కాదు. పాస్‌వర్డ్ హ్యాష్ సింక్ (పాస్‌వర్డ్ గుప్తరూపాన్ని క్లౌడ్‌కు కూడా పంపే పద్ధతి) వాడే చోట, ఆఫీసులో గడువు తీరిన మనిషి క్లౌడ్ మెయిల్ చూసుకుంటూనే ఉండవచ్చు.

అపోహ: డిలీట్ చేయడమే ఇంకా సురక్షితం.

అనుమతులన్నీ సిడ్‌తో (ప్రతి అకౌంట్‌కు డైరెక్టరీ ఇచ్చే ప్రత్యేక గుర్తింపు) ముడిపడి ఉంటాయి, పేరుతో కాదు. డిలీట్ చేసి అదే పేరుతో మళ్లీ సృష్టిస్తే కొత్త సిడ్ వస్తుంది, పాత అనుమతులు అంటవు. ముందు డిసేబుల్ చేయండి, డిలీట్ సంగతి మీ నిల్వ గడువు ముగిశాక చూడవచ్చు.

అపోహ: పైప్‌లైన్ వాడే సర్వీస్ అకౌంట్‌కు డొమైన్ అడ్మిన్ హక్కు కావాలి.

అక్కర్లేదు. సంబంధిత ఓయూలో (డైరెక్టరీలో అకౌంట్లను ఉంచే ఫోల్డర్ లాంటిది) ఆ ఒక్క అట్రిబ్యూట్ రాసే హక్కు డెలిగేట్ చేస్తే సరిపోతుంది. ఈ అపోహ ఎక్కడ పుడుతుందో నాకు అర్థమవుతుంది. వందల అకౌంట్లు సజావుగా డిసేబుల్ అయ్యాక ఏవో కొన్నింటి దగ్గర ఎల్‌డాప్ ఎర్రర్ 50 వస్తుంది, అంటే హక్కు చాలదని. వాటిలో అడ్మిన్‌కౌంట్ అనే అట్రిబ్యూట్ విలువ చూడండి, చాలాసార్లు 1 ఉంటుంది. డొమైన్ అడ్మిన్స్ లాంటి రక్షిత గ్రూపుల్లో ఉన్నవాళ్ల అనుమతులను డైరెక్టరీ డిఫాల్ట్‌గా ప్రతి 60 నిమిషాలకు అడ్మిన్‌ఎస్‌డీహోల్డర్ అనే అనుమతుల మూసకు తిరిగి తెస్తుంది, మీ డెలిగేషన్ అక్కడ నిలవదు. అంత శక్తి ఉన్న అకౌంట్లను మనిషి చూసి మూయడమే మేలు. వాటికోసం మొత్తం పైప్‌లైన్‌కు అడ్మిన్ హక్కు ఇస్తే, ఆ పాస్‌వర్డ్ బయటపడిన రోజు డొమైనే పోతుంది.

అపోహ: ఎల్‌డాప్ మాట్లాడే ఏ డైరెక్టరీలోనైనా పద్ధతి ఒకటే.

యూజర్ అకౌంట్ కంట్రోల్ మైక్రోసాఫ్ట్‌ది. 389 డైరెక్టరీ సర్వర్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో దాని బదులు ఎన్‌ఎస్-అకౌంట్-లాక్ అట్రిబ్యూట్ ఉంటుంది. ఓపెన్‌ఎల్‌డాప్‌లో పాస్‌వర్డ్ పాలసీ ఓవర్‌లే (అదనపు మాడ్యూల్) పెట్టుకుని, లాక్ అయిన సమయం అట్రిబ్యూట్‌లో 000001010000Z రాస్తే శాశ్వత లాక్. అయితే అది ఆపేది పాస్‌వర్డ్‌తో జరిగే బైండ్‌ను, అంటే ఎల్‌డాప్ లాగిన్‌ను. ఎస్‌ఎస్‌హెచ్ కీతో వచ్చేవాడు పాస్‌వర్డ్ ఇవ్వడు కదా, లైనక్స్ సర్వర్ వైపు అకౌంట్ తనిఖీ విడిగా సెట్ చేయకపోతే లోపలికి వచ్చేస్తాడు.

అపోహ: పైప్‌లైన్ ఆకుపచ్చగా ఉంటే, అంటే పని విజయవంతమని చూపిస్తే, అందరూ డిసేబుల్ అయినట్టే.

యాక్టివ్ డైరెక్టరీ ఒక సెర్చ్‌కు డిఫాల్ట్‌గా 1000 ఎంట్రీలే ఇస్తుంది. పేజింగ్ (ఫలితాలను విడతలుగా తెప్పించుకోవడం) పెట్టకపోతే మిగతావాళ్లు "దొరకలేదు" జాబితాలోకి పోతారు, ఆ జాబితాను వదిలేసి ముందుకెళ్లేలా రాసిన పైప్‌లైన్ ఆకుపచ్చగానే ముగుస్తుంది. ఓయూ మారితే డీఎన్ (డైరెక్టరీలో ఆ అకౌంట్ పూర్తి చిరునామా) మారుతుంది కాబట్టి, నిన్న దాచుకున్న డీఎన్‌తో వెతికినా ఇదే జరుగుతుంది. ఉద్యోగి నంబర్‌తోనో ఆబ్జెక్ట్ గుయిడ్‌తోనో (ఓయూ మారినా మారని గుర్తింపు) హెచ్‌ఆర్ రికార్డును అకౌంట్‌తో కలపండి. రాసిన తర్వాత అదే డొమైన్ కంట్రోలర్ నుంచి విలువ తిరిగి చదివి బిట్ చూడండి. వేరే కంట్రోలర్ పాత విలువే చెప్పవచ్చు.

దీనికి రెండో వైపు మరీ ప్రమాదం. హెచ్‌ఆర్ ఫైల్‌లో లేనివాళ్లందరినీ డిసేబుల్ చేయాలని రాసిన పైప్‌లైన్‌కు ఒకరోజు ఖాళీ ఫైల్ వస్తే, అది సంస్థ మొత్తాన్ని మూసేస్తుంది. ఎంట్రా కనెక్ట్‌లో ఒక విడతలో 500 కంటే ఎక్కువ డిలీట్లు వస్తే ఎక్స్‌పోర్ట్ ఆగిపోయే డిఫాల్ట్ పరిమితి ఉంది. మీరు సొంతంగా రాసే పైప్‌లైన్‌లో అలాంటిది మీరే పెట్టాలి. మామూలు రోజున ఎంతమంది వెళ్తారో చూసి అంకె నిర్ణయించండి, అది దాటితే ఒక్క రాత కూడా జరగకుండా ఆపి మనిషిని అడిగించండి. రాయబోయే ముందు ప్రతి అకౌంట్ పాత విలువను లాగ్‌లో ఉంచండి. పొరపాటున మూసినవాళ్లను తెరవాల్సి వస్తే, ఎవరికి 512 ఉండేదో ఎవరికి 66048 ఉండేదో ఆ లాగ్‌లోనే తెలుస్తుంది.