ఫుట్‌పాత్ ఉన్నా రోడ్డు మీదే నడుస్తారెందుకు? కర్నూలు వీధులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎంత మంచి ఫుట్‌పాత్ కట్టినా మనవాళ్లు దాని మీద నడవరు.

వాస్తవం: నడిచేలా కడితే నడుస్తారు. రోడ్ల ప్రమాణాలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం కెర్బ్ (ఫుట్‌పాత్ అంచు రాయి) ఎత్తు 150 మి.మీ., అంటే 6 అంగుళాలు మించకూడదు. స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, షాపు బోర్డు ఏదీ అడ్డం రాకుండా కనీసం 1.8 మీటర్ల దారి వదలాలి. మన దగ్గరేమో సైడు కాలువ మీద బండలు పరిచి దాన్నే ఫుట్‌పాత్ అంటాం. కాలువ గోడ అడుగెత్తు లేస్తే ఫుట్‌పాతూ అడుగెత్తే. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మ ఏం ఎక్కుతుంది? దానికి తోడు ప్రతి గేటు ముందూ బైకు కోసం పగలగొట్టి, వాలుగా సిమెంటు పోస్తారు. పది ఇళ్లు దాటాలంటే పదిసార్లు ఎక్కి దిగాలి. ఈ తిప్పల కంటే ఆటోల మధ్య నడవడమే నయం అనిపిస్తుంది.

గేటు దగ్గర ఫుట్‌పాత్ దించొద్దు, బైకే పైకెక్కాలి. బైకు ఎక్కే ర్యాంపు (వాలు) కెర్బ్ పక్కన స్తంభాలు, చెట్లు ఉండే మీటరు పట్టీలోనే అయిపోవాలి. రోడ్డు దాటే చోట మాత్రం ఫుట్‌పాతే 1:12 వాలుతో దిగాలి. 150 మి.మీ. ఎత్తుకు 1.8 మీటర్ల పొడవన్నమాట. ఇక బేతంచెర్ల బండ దగ్గర్లోనే దొరుకుతుంది కదా అని పాలిష్ చేసింది వేస్తే మొదటి వానకే జారి పడతారు. గరుకు ముఖమే పైకి రావాలి.

అపోహ: నీళ్లు నిలుస్తున్నాయా, రోడ్డు ఎత్తు పెంచితే సరి.

వాస్తవం: నీళ్లు ఇళ్లలోకి పోతాయి, అంతే. పాత సీసీ మీదే కొత్త సీసీ 150 మి.మీ. చొప్పున రెండుసార్లు పోస్తే గడప అడుగు కిందికి పోయినట్టే. ముందు పాత పొర తవ్వి తీయాలి. 6 మీటర్ల రోడ్డుకు నడుమ 60 మి.మీ. ఎత్తుంటే నీళ్లు రెండు పక్కలకూ జారతాయి. కాలువలోకి దిగడానికి కెర్బ్‌లో కంతలు వదిలారో లేదో కూడా చూడాలి. (2009 అక్టోబరు వరద సంగతి వేరు. తుంగభద్ర, హంద్రీ పొంగితే ఏ రోడ్డు లెవెలూ ఆపలేదు. ఇది మామూలు గంట వాన లెక్క.)

అపోహ: చెట్లు పెడితే వేర్లు ఫుట్‌పాత్‌ను లేపేస్తాయి.

వాస్తవం: మొదలు దాకా కాంక్రీటు పోస్తే లేపక ఏం చేస్తాయి? చుట్టూ కనీసం మీటరు చదరం మట్టి వదలాలి, ఫుట్‌పాత్ నీళ్లు అందులోకే వాలాలి. వేప, కానుగ చాలు. ఉత్తర దక్షిణాలుగా పోయే వీధిలో ముందు తూర్పు పక్క నాటండి. సాయంత్రపు ఎండ పడేది ఆ పక్కే.

అపోహ: తోపుడు బండ్లు లేపేస్తే వీధి బాగుపడుతుంది.

వాస్తవం: ఒక కారు పార్కింగుకు 5 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు కావాలి. అంత జాగాలో రెండు బండ్లు, కొనేవాళ్లు నిలబడే చోటు సరిపోతాయి. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చడానికి 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కింద టౌన్ వెండింగ్ కమిటీ ఉంటుంది. బండ్లకు చోటు పార్కింగు పట్టీలోనే గీయించాలి, నడిచే దారిలో కాదు.