ఒంటి చక్రం సైకిల్ కట్టడం: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో మా షాపు ముందు గోడకు ఆనించి పెద్ద చక్రం ఒకటి ఉంటుంది. అడ్డంగా కొలిస్తే 36 అంగుళాలు. దారిన పోయేవాళ్లు ఆగి, "అన్నా, ఎడ్లబండిదా ఇది?" అంటారు. సైకిల్‌ది అని చెబితే రెండో చక్రం ఎక్కడ అంటారు. రెండోది లేదు, ఇంతే అంటే నవ్వి పోతారు. కొందరు మాత్రం కూర్చుని, తమకు తెలిసినవన్నీ నాకే చెప్పిపోతారు. ఈ రాతకు మూలం వాళ్లే.

సైకిళ్ల రిపేరు నా పని. ఖాళీ దొరికితే ఒంటి చక్రం బండ్లు కడతాను. ఇప్పటికి ఏడు కట్టాను. వాటిలో రెండు నన్ను బాగానే కింద పడేశాయి, రెండుసార్లూ తప్పు ఇరుసు దగ్గరే. చూసేవాళ్లకు చక్రం కనిపిస్తుంది, ఎత్తు కనిపిస్తుంది. నాకు నిద్ర లేకుండా చేసేది మాత్రం ఆ జానెడు ఇరుసు.

ముందు ఒక సంగతి. ఈ బండ్లు రెండు రకాలు. ఒకదాంట్లో పెడల్స్ నేరుగా చక్రం ఇరుసుకే ఉంటాయి. ఇంకోదాంట్లో చక్రం కింద, పెడల్స్ పైన, మధ్యలో చైను. దీన్ని జిరాఫీ అంటారు. రెంటినీ కలిపి మాట్లాడటం వల్లే సగం అపోహలు.

అపోహ: ఎంత ఎత్తు ఉంటే అంత స్పీడు.

ఎత్తుకూ స్పీడుకూ సంబంధం లేదు. ఇరుసుకే పెడల్స్ ఉన్న బండిలో కాలు ఒక చుట్టు తిప్పితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 20 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 1.6 మీటర్లు పోతుంది. మన మామూలు పెద్ద సైకిల్ 28 అంగుళాల చక్రం 2.23 మీటర్లు, 36 అంగుళాలది 2.87 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు వరుసగా 5.7, 8, 10.3 కిలోమీటర్లు. ఆరడుగుల జిరాఫీకి కింద 20 అంగుళాల చక్రం పెట్టి, పైనా కిందా పళ్ల చక్రాలు ఒకే సైజువి వేస్తే, అది కూడా అదే 5.7 దగ్గరే ఉంటుంది. పక్కన నడిచే మనిషి మనల్ని దాటిపోతాడు. 2004లో అమెరికాలో సెమ్ అబ్రహామ్స్ 35 మీటర్ల ఎత్తు ఒంటి చక్రం బండి ఎక్కి రికార్డు కొట్టాడు. నడుముకు తాడు కట్టుకుని ఆయన తొక్కిన దూరం పది మీటర్లు కూడా లేదు.

పెద్ద చక్రం వేసేది స్పీడు కోసమే. చైన్లు లేని కాలంలో, 1870లలో, ముందు చక్రం మనిషి ఛాతీ దాకా వచ్చే సైకిళ్లు ఇంగ్లండులో వచ్చింది ఇందుకే. ఆ చక్రం ఎంత పెద్దగా ఉండాలో తొక్కేవాడి కాలు పొడవు చెప్పేది. 1885లో చైనుతో రోవర్ సైకిల్ వచ్చాక ఆ పెద్ద చక్రాల అవసరం తీరిపోయింది.

అపోహ: పాత సైకిల్ వెనక చక్రం విప్పి, రాడ్డు వెల్డింగ్ చేస్తే జిరాఫీ రెడీ.

మొదటి బండి నేనూ ఇట్లనే చేశాను కాబట్టి ఇది కాస్త వివరంగా చెబుతాను.

మామూలు సైకిల్‌లో వెనక్కి తొక్కితే వెనక చక్రం దగ్గరి పళ్ల చక్రం, అంటే ఫ్రీవీల్, టకటకమంటూ ఊరికే తిరుగుతుంది. ఒంటి చక్రానికి అది పనికిరాదు. ఆగాలన్నా, వెనక్కి రావాలన్నా, ముందుకు తూలినప్పుడు సర్దుకోవాలన్నా పెడల్‌ను వెనక్కి నొక్కాలి, ఆ నొక్కు నేరుగా చక్రానికి చేరాలి. అందుకని ఫ్రీవీల్‌ను తిరగకుండా వెల్డింగ్ పెట్టేశాను. వీధిలో తొక్కితే బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత ఆదివారం ఖిలా వరంగల్ వైపు తీసుకుపోయాను. పల్లం దిగుతూ వెనక్కి నొక్కి పట్టాను. చేతిలో కొమ్మ విరిగినట్టు, కాళ్ల కింద పెడల్స్ ఉత్తగా తిరిగాయి. ఆ తర్వాత నేను రోడ్డు మీద ఉన్నాను.

వెల్డింగ్ ఊడలేదు. ఫ్రీవీల్ హబ్బుకు, అంటే స్పోకులన్నీ వచ్చి కలిసే చక్రం నడిమి భాగానికి, త్రెడ్డు మీద ఎక్కి ఉంటుంది కదా. ముందుకు తొక్కే కొద్దీ అది బిగుస్తుంది, వెనక్కి నొక్కితే విప్పుకుంటుంది. సీసా మూత లాగా నేనే నా కాళ్లతో విప్పేసుకున్నాను. రేసింగ్ ట్రాక్ సైకిళ్ల హబ్బుకు దీని కోసమే రెండో త్రెడ్డు ఉంటుంది, ఎడమ వైపు తిరిగేది. దాని మీద లాక్ రింగు పడుతుంది కాబట్టి పళ్ల చక్రం ఎటూ కదలదు. అలాంటి హబ్బు దొరక్కపోతే డిస్క్ బ్రేకు హబ్బు తీసుకోండి. డిస్కు పట్టే ఆరు బోల్టుల దగ్గర పళ్ల చక్రాన్ని బిగించొచ్చు. ఇప్పుడు నేను చేసేది అదే.

రెండోసారి పడేసింది కాటర్ పిన్ను. పాత సైకిళ్ల పెడల్ రాడ్లను ఇరుసుకు పట్టి ఉంచేది ఆ చిన్న ముక్కే. మామూలు సైకిల్‌లో దాని మీద భారం ఒకవైపే పడుతుంది. మన బండిలో ముందుకూ వెనక్కీ మార్చి మార్చి పడుతుంది. మెత్తని పిన్నయితే నెల తిరగకుండానే నలిగి, రాడ్డు లొడలొడమంటుంది. లొడ మొదలైన రోజే బండి పక్కన పెట్టాలి. నేను పెట్టలేదు.

అపోహ: ఎడ్లబండి చక్రానికి పెడల్స్ పెడితే సరిపోతుంది కదా.

ఇది అడిగింది మా లేత్ మిషన్ కాక. నవ్వులాటకు అడిగాడో నిజంగానే అడిగాడో తెలియదు కానీ, ప్రశ్న మంచిది. బండి చక్రం, సైకిల్ చక్రం రెండూ గుండ్రంగానే ఉన్నా బరువు మోసే తీరు పూర్తిగా వేరు. బండి చక్రంలో ఇరుసు కింది వైపున్న చెక్క ఆకులు గుంజల్లాగా బరువు మోస్తాయి. ఊళ్లలో ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి నీళ్లు పోసేవాళ్లు. పట్టా చల్లారి ముడుచుకుని ఆకులన్నిటినీ లోపలికి గట్టిగా నొక్కి పట్టేది. సైకిల్ స్పోకు రెండు మిల్లీమీటర్ల తీగ. నిలబెట్టి నొక్కితే వంగిపోతుంది. అది చేసే పని లాగి పట్టుకోవడం. అన్ని స్పోకులూ ముందే బిగుసుకుని ఉంటాయి. మనం కూర్చున్నప్పుడు కింది స్పోకుల బిగువు కొంచెం తగ్గుతుంది, అంతే. అందుకే సైకిల్ చక్రం అంత తేలిక. బండి చక్రానికి పెడల్స్ పెట్టి ఒకసారి కదిలించగలిగినా ఆపలేరు.

"మరి లావు స్పోకులు వేస్తే?" ఇది తరువాతి ప్రశ్న. స్పోకు లావు కంటే అన్నిటి బిగువూ సమానంగా ఉండటం ముఖ్యం. వేలితో మీటితే ఒక వైపువన్నీ దాదాపు ఒకే స్వరం పలకాలి. పెద్ద చక్రానికి అసలు బలహీనత పక్కవాటుగా ఉంటుంది. హబ్బు వెడల్పు అదే ఉంచి చక్రాన్ని రెట్టింపు చేస్తే స్పోకు వాలు సగానికి తగ్గుతుంది. పక్క నుంచి వచ్చే తోపును ఆపేది ఆ వాలే. కాబట్టి చక్రం పెరిగితే హబ్బు వెడల్పు కూడా పెరగాలి. చివరికి మళ్లీ ఇరుసు దగ్గరికే వచ్చాం.

ఇంకోటి, అంత పొడవు స్పోకులు మన దగ్గర దొరకవని తీగ కోసి, మరలు కోసే డై అనే పనిముట్టుతో త్రెడ్డు పెట్టకండి. డై ఉన్న లోహాన్ని కోసేస్తుంది. కంపెనీ స్పోకుకు త్రెడ్డును ఒత్తి తీస్తారు, అందుకే అక్కడ తీగ 2.2 మిల్లీమీటర్ల దాకా ఉబ్బి ఉంటుంది. చూడటానికి రెండూ ఒకటే. గుంతలో పడ్డప్పుడు తేడా తెలుస్తుంది.

అపోహ: చక్రం తిరుగుతుంటే బొంగరంలాగా అదే నిలబెడుతుంది.

ముందుకూ వెనక్కీ పడకుండా బొంగరం సూత్రం ఏమాత్రం కాపాడదు. చక్రం ఏ ఇరుసు చుట్టూ తిరుగుతుందో మనం తూలేదీ అదే ఇరుసు చుట్టూ. నిలబెట్టేది మన కాళ్లే. అరచేతిలో చీపురు నిలబెట్టినట్టు, ఎటు తూలితే చక్రాన్ని అటు జరుపుతూ ఉండాలి.

చీపురు మాట వచ్చింది కాబట్టి, ఎత్తు బండి మీద నిలవడం కష్టం అనేదీ పూర్తి నిజం కాదు. అరచేతిలో పెన్సిల్ నిలబెట్టి చూడండి, తర్వాత చీపురు కట్ట. పొడవైనది నెమ్మదిగా తూలుతుంది. ఎత్తు రెట్టింపైతే తూలే సమయం సుమారు 1.4 రెట్లు, అంటే సర్దుకోవడానికి మనకు అంత వ్యవధి ఎక్కువ. కష్టం ఎక్కడమూ, పడటమూ. రెండు మీటర్ల నుంచి నేల తాకేసరికి వేగం గంటకు 22 కిలోమీటర్లు దాటుతుంది. హెల్మెట్, మణికట్టు ప్యాడ్లు లేకుండా మా షాపులో ఎవరినీ ఎక్కనివ్వను, మా తమ్ముడినైనా సరే. పెద్ద చక్రం ఇబ్బంది ఇంకోటి. బరువంతా అంచున ఉంటుంది కాబట్టి మనం చెప్పిన మాట ఆలస్యంగా వింటుంది. ఎత్తు, పెద్ద చక్రం రెండూ ఒకే బండిలో కావాలనేవాళ్లకు ముందు విడివిడిగా నేర్చుకోమనే చెబుతాను.

అపోహ: పొట్టివాళ్లు పెద్ద చక్రం తొక్కలేరు.

టేపు తీసుకోండి. 36 అంగుళాల చక్రంలో సగం 18 అంగుళాలు, పెడల్ రాడ్డు 5, టైరు పైనుంచి సీటుకు 5. మొత్తం 28. తొడ సందు నుంచి మడమ దాకా అంత ఉంటే చాలు. అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి సులభంగా ఉంటుంది. 48 అంగుళాల చక్రానికైతే ఇదే లెక్క 34కు పోతుంది, అప్పుడు ఆరడుగులవాళ్లను వెతకాలి.

అపోహ: నీళ్ల పైపుతో ఫ్రేము కట్టొచ్చు.

కట్టొచ్చు, బరువు చచ్చేంత. పైగా జీఐ పైపు మీది జింకు పూత గీకకుండా వెల్డింగ్ పెడితే ఆ పొగకు రాత్రికి చలిజ్వరం వస్తుంది. జింకు పూత లేని నల్ల రంగు ఇనుప పైపు తీసుకోండి.

అపోహ: బేరింగ్ ఎంత బిగిస్తే అంత మంచిది.

పెడల్స్ నేరుగా ఉన్న బండిలో ఇరుసు చక్రంతో పాటే తిరుగుతుంది, బేరింగులు ఫోర్కు చివర్ల ఉంటాయి. నేను వాడేది 6203 నంబరు బేరింగ్, లోపల 17, బయట 40 మిల్లీమీటర్లు. మోటార్ల సామాను అమ్మే ఏ షాపులో అయినా దొరుకుతుంది. దాన్ని పట్టే క్లిప్పును బలమంతా పెట్టి బిగిస్తే బయటి రింగు నలిగి, గుండ్లు పట్టేస్తాయి. బేరింగ్ చేతికి కదలనంత వరకే బిగించాలి. తొక్కబోయే ముందు బండిని తలకిందులు చేసి, చక్రాన్ని ఒక్క వేలితో తోస్తాను. ఎక్కడా పట్టకుండా తిరిగి, మెల్లగా ఆగి, కొంచెం వెనక్కి ఊగాలి. ఊగకుండా టక్కున ఆగితే క్లిప్పు నట్టు పావు చుట్టు వదులు చేసి మళ్లీ తోస్తాను.