40 శాతం గడప: సదరం సర్టిఫికెట్ల చిక్కు ఎక్కడ మొదలైంది?

వరంగల్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో వికలాంగుల ధర్నా అంటే పింఛను పెంపు కోసమేనని చాలామంది అనుకుంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 500 రూపాయలున్న పింఛను 2014లో తెలంగాణ ఆసరా పింఛను పథకంతో 1,500 అయింది. 2019లో 3,016కు, 2023లో 4,016కు చేరింది. ఇదంతా వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ చేతికొచ్చినవాళ్ల సంగతి. అది దొరకనివాళ్లకు పింఛను ఎంత పెరిగినా ఒరిగేదేమీ లేదు.

1995 నాటి వికలాంగుల చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించింది, కనీసం 40 శాతం ఉండాలని గడప పెట్టింది. అప్పట్లో డాక్టర్లు చేత్తో రాసిచ్చేవారు. ఒకే కాలికి ఒకచోట 35, ఇంకోచోట 50 శాతం పడేది. మధ్యలో దళారులు బతికారు. దాన్ని అరికట్టడానికి 2009-10లో సదరం అనే కంప్యూటర్ విధానం వచ్చింది: డాక్టరు కొలతలు నమోదు చేస్తే శాతాన్ని సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. అది మంచి మార్పే. అయితే పరీక్షలు చేసే క్యాంపు రోజున కొలతకు అందని జబ్బులకు ఈ పద్ధతి సరిపడలేదు.

2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం 7 రకాలను 21 చేసింది. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ అనే రక్త జబ్బులు అందులో చేరాయి. ములుగు, భద్రాద్రి, ఆసిఫాబాద్ అడవి పల్లెల్లోని కోయ, గోండు కుటుంబాలకు సికిల్ సెల్ కొత్త జబ్బేం కాదు. నొప్పి లేచినప్పుడు మంచం దిగలేని పిల్లాడే మర్నెల్లో పరీక్షకు ఇచ్చిన స్లాటు రోజున మామూలుగా నడిచి వస్తాడు. చూసి నిర్ణయిస్తే దరఖాస్తు పోయినట్టే. అందుకే ఆస్పత్రిలో చేరిన ప్రతిసారీ డిశ్చార్జి కాగితం, రక్తం ఎక్కించిన ప్రతిసారీ నమోదు దాచుకోవాలి. ఊళ్లో చేసే సాల్యుబిలిటీ అనే తొలి రక్తపరీక్ష ఒక్కటే చాలదు, అది జబ్బున్నవారినీ, జబ్బు లేకుండా దాని జన్యువును మోసే వాహకులనూ విడదీసి చూపదు. ఆ తేడా చెప్పే ల్యాబ్ పరీక్షలైన హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరిసిస్ రిపోర్టు కావాలి. ఇంత చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నా, ఉద్యోగాల్లోని 4 శాతం రిజర్వేషన్ చెప్పే ఆ చట్టం 34వ సెక్షన్‌లో రక్తసంబంధ వ్యాధుల పేరు లేదు. ఉన్నత విద్యలో 5 శాతం మాత్రం వీరికీ వర్తిస్తుంది. చట్టంలోనే ఉన్న ఈ అన్యాయాన్ని సవరణతోనే సరిదిద్దాలి.

వినికిడిదీ ఇలాంటి కథే. శబ్దం వినిపించగానే బటన్ నొక్కించి వినికిడిని కొలిచే ఆడియోమెట్రీకి చప్పుడు లేని గది కావాలి. జనం కిటకిటలాడే హాల్లో చేస్తే వచ్చే అంకెను నమ్మలేం. బటన్ నొక్కి చెప్పలేని చంటిపిల్లలకు, శబ్దానికి మెదడు స్పందనను యంత్రంతో నమోదు చేసే బెరా పరీక్ష తప్పదు.

రెండు వైకల్యాలున్నవారికి జరిగే నష్టం ఎక్కువగా బయటికి రాదు. కాలికి 30, చెవికి 27 శాతం వస్తే విడివిడిగా రెండూ 40 లోపే. ఇద్దరు డాక్టర్లూ ‘అర్హత లేదు’ అంటారు. కలిపి చూసే సూత్రం నిబంధనల్లోనే ఉంది: 90లోంచి పెద్ద అంకె తీసేయాలి, మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించి 90తో భాగించాలి, వచ్చినది పెద్ద అంకెకు కలపాలి. ఇక్కడ 30కి 18 కలిసి 48 అవుతుంది. కాబట్టి బహుళ వైకల్యం కింద కలిపి చూడమని దరఖాస్తులోనే రాయాలి.

2016 అక్టోబరులో ఉమ్మడి వరంగల్ ముక్కలై కొత్త జిల్లాలు వచ్చినా, పెద్ద పరీక్షలకు జనం చూపు వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వాస్పత్రి వైపే ఉండిపోయింది. ఏటూరునాగారం నుంచి అక్కడికి సుమారు 100 కిలోమీటర్లు. ఇప్పుడు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. 21 రకాల వైకల్యాలకూ పూర్తి మెడికల్ బోర్డు, పరికరాలు అక్కడే ఉండాలని అడగడం న్యాయం.

2021 జూన్ 1 నుంచి సర్టిఫికెట్లు కేంద్రం నడిపే వికలాంగుల గుర్తింపు కార్డు వెబ్‌సైటు (యూడీఐడీ పోర్టల్) ద్వారానే ఇవ్వాలన్న ఆదేశం ఉంది. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. 2016 చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. ‘రిజెక్టెడ్’ అన్న మెసేజ్ ఒక్కటే చేతిలో ఉంటే అప్పీల్లో దేన్ని ప్రశ్నించాలో తెలియదు. కాబట్టి ఏ వైకల్యానికి ఎంత శాతం వేశారో, ఏ పరీక్ష ఆధారంగా వేశారో ఆ కాగితంలో ఉండేలా పట్టుబట్టి తీసుకోవాలి.